ఫ్రీస్టైల్ ఫుట్‌బాల్ నేర్చుకోవడం ఎలా: మొదటి టచ్ నుంచి 30 సెకన్ల వంతు దాకా

1989 ఏప్రిల్‌లో మ్యూనిక్‌లో బయర్న్ జట్టుతో యుయెఫా కప్ సెమీఫైనల్ ఆడే ముందు, నాపోలీ ఆటగాడు డీగో మారడోనా బూటు లేసులు ముడి వేసుకోకుండానే, మైదానంలో మోగుతున్న పాటకు తగ్గట్టు బంతిని పాదాల మీద, తొడల మీద, భుజాల మీద, తల మీద ఆడించిన దృశ్యాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రోజు అది మ్యాచ్‌కు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడం మాత్రమే. ఇరవై ఏళ్లు తిరగకముందే అదే విద్య ఫ్రీస్టైల్ ఫుట్‌బాల్ అనే పేరుతో సొంత నియమాలు, సొంత న్యాయనిర్ణేతలు, సొంత ప్రపంచ విజేతలు ఉన్న పోటీగా నిలబడింది. 2008లో బ్రెజిల్‌లోని సావో పాలోలో జరిగిన రెడ్‌బుల్ స్ట్రీట్ స్టైల్ అనే ఫ్రీస్టైల్ పోటీ తొలి ప్రపంచ ఫైనల్‌ను ఫ్రాన్స్‌కు చెందిన షాన్ గార్నియే గెలిచాడు. ఆ తర్వాత జపాన్ నుంచి టోకురా, ఇంగ్లండ్ నుంచి ఆండ్రూ హెండర్సన్, నార్వే నుంచి ఎర్లెండ్ ఫాగెర్లీ, మహిళల్లో హంగరీకి చెందిన కిట్టీ సాస్, ఫ్రాన్స్‌కు చెందిన మెలోడీ డోన్షే వంటివారు ఈ ఆటకు ఎవరి ముద్ర వారు వేశారు. చెక్ రాజధాని ప్రాగ్‌లో జరిగే సూపర్ బాల్ పోటీలకు అనేక దేశాల ఫ్రీస్టైలర్లు వెళ్తుంటారు.

ఈ పోటీలో ముఖ్యమైన రూపాన్ని బ్యాటిల్ అంటారు. ఇద్దరు ఆటగాళ్లు, ఒకే బంతి, మూడు నిమిషాలు. 30 సెకన్ల చొప్పున వంతులు మారుతూ ఒక్కొక్కరికి మూడేసి వంతులు వస్తాయి, ఆఖరున న్యాయనిర్ణేతలు విజేత ఎవరో చెబుతారు. కింద రాసినదంతా ఆ మొదటి 30 సెకన్లకు మిమ్మల్ని సిద్ధం చేయడానికే. ఎవరూ నేర్పేవారు లేకుండా, ఇంటి డాబా మీదో అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో ఒంటరిగా సాధన చేసేవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

బంతి, బూట్లు, చోటు

మ్యాచ్‌లలో వాడే 5వ నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. నేర్చుకోవడానికి అది సరిపోతుంది. ఫ్రీస్టైల్ కోసమే తయారుచేసే బంతులు చాలావరకు దానికన్నా కాస్త చిన్నవి, పైపొర జారకుండా కొంచెం పట్టు ఇచ్చేవి. మొదటి నెలలోనే వాటి కోసం డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. దానికన్నా ముఖ్యమైనది గాలి. కొత్త బంతిని రాయిలా బిగుసుకుపోయేట్టు నింపితే పాదానికి తగలగానే ఎగిరిపోతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు పైపొర కొద్దిగా లోపలికి దిగేంత గాలి ఉంచండి. ఇరుకు చోట సాధన చేసేవారికి ఫుట్‌సాల్ (చిన్న కోర్టులో ఆడే ఫుట్‌బాల్) బంతి ఇంకా అనుకూలం, ఎందుకంటే అది తక్కువగా గెంతుతుంది కాబట్టి చేజారిన ప్రతిసారీ మెట్ల దాకా పరుగెత్తే పని ఉండదు.

బూట్లకు అడుగున స్టడ్లు, అంటే నేలలో దిగే బుడిపెలు, ఉండకూడదు. ముందు భాగం, అంటే వేళ్లమీద ఉండే భాగం, వీలైనంత చదునుగా, వెడల్పుగా ఉండాలి. ముడి ఎత్తుగా ఉంటే బంతి దానికి తగిలి పక్కకు పోతుంది కనుక లేసులను పక్కకు తిప్పి కట్టుకోండి లేదా లోపలికి దోపండి. నేల చదునుగా ఉండి, చుట్టూ రెండు మీటర్ల చోటు ఉంటే చాలు. డాబా మీద అయితే పిట్టగోడకు దూరంగా, మధ్యలో నిలబడండి. మన వేసవిలో ఉదయం ఏడు దాటితే సిమెంటు నేల వేడెక్కుతుంది కాబట్టి సాధన అంతకుముందే ముగించడం మంచిది.

ప్రతిరోజూ బంతి ముట్టుకునే ముందు పది నిమిషాలు చీలమండలు, మోకాళ్లు, తుంటి కీళ్లు తిప్పండి. ఈ ఆటలో కాలు మాటిమాటికీ పైకి లేచి గుండ్రంగా తిరుగుతుంది కనుక తొడ మొదట్లో, తుంటి ముందు భాగంలో ఉండే కండరాలే మొదట అలిసిపోతాయి. ఒంటికాలి మీద గెంతే భారమంతా రెండో కాలి పిక్క మీద, మోకాలి మీద పడుతుంది. వారానికి కనీసం రెండు రోజులు కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఉత్సాహంగా మొదలుపెట్టినవారు మధ్యలో మానేయడానికి నేను ఎక్కువగా చూసిన కారణం మోకాలి నొప్పే.

మొదటి మెట్టు: తిరగని బంతి

బంతిని నేల మీద నుంచి చేత్తో తీయడం తొలిరోజు నుంచే మానేయండి. అరికాలును బంతి మీద ఆనించి మీ వైపుకు లాగి, అది దొర్లుతూ వస్తుండగా బూటు మొనను దాని కిందికి జార్చి పైకి ఎత్తండి. ఇది పదిసార్లు వరుసగా వచ్చాక జగ్లింగ్‌లోకి, అంటే బంతి నేలను తాకకుండా వరుసగా పైకి ఎగరేస్తూ ఉండడంలోకి, వెళ్లండి.

ఫుట్‌బాల్ ఆడేవారికి జగ్లింగ్ వచ్చే ఉంటుంది కానీ, వారిలో చాలామంది బంతిని మోకాలికన్నా ఎత్తుకు కొడతారు, అది గాలిలో గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఫ్రీస్టైల్‌కు కావలసినది దాదాపు తిరగని బంతి. తిరుగుతున్న బంతి పాదానికి తగలగానే ఏ వైపు తిరుగుతుంటే ఆ వైపుకు పారిపోతుంది. తిరగని బంతి మీరు నెట్టిన వైపుకే పోతుంది. చీలమండను బిగించి, వేళ్ల వైపు ఒక్కరవ్వ పైకి ఉంచి, లేసులు మొదలయ్యే చోటుకూ బూటు మొనకూ మధ్య ఉన్న చదును భాగంతో బంతిని కింద నుంచి నిటారుగా ఎత్తాలి. కాలును మోకాలి నుంచి విసరకూడదు.

బంతి పాదంలో ఎక్కడ తగులుతోందో మనకు తెలుసని అనుకుంటాం. నిజానికి తెలియదు. ఒక సుద్దముక్క తీసుకొని బంతికి అన్ని వైపులా బాగా రుద్దండి, ముదురు రంగు బూటు వేసుకొని ఇరవై టచ్‌లు చేసి, బూటు చూసుకోండి. తెల్లటి మచ్చలన్నీ రూపాయి బిళ్లకు రెండు మూడింతల చోటులో కుప్పగా పడితే మీ టచ్ కుదిరినట్టు. బొటనవేలి అంచు నుంచి లేసుల మీది దాకా చెల్లాచెదురుగా ఉంటే, ఇంకే ట్రిక్‌కూ వెళ్లకుండా ఈ మెట్టు మీదే మరో వారం ఉండండి. కుడి బూటును, ఎడమ బూటును పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రెండింటికీ ఉన్న తేడాయే మీరు బలహీనమైన కాలికి ఎంత బాకీ ఉన్నారో చెబుతుంది. రెండు కాళ్లతో ఒకటి తర్వాత ఒకటిగా, మోకాలి ఎత్తు దాటకుండా వంద టచ్‌లు ఒళ్లు బిగబట్టకుండా వచ్చేదాకా రెండో మెట్టు ఎక్కవద్దు.

రెండో మెట్టు: ఎరౌండ్ ద వరల్డ్

బంతి గాలిలో ఉండగానే దాని చుట్టూ కాలును ఒక పూర్తి చుట్టు తిప్పి, కింద పడకముందే మళ్లీ అదే కాలితో అందుకోవడాన్ని ఎరౌండ్ ద వరల్డ్ అంటారు. ఈ పేరు 1970లలో అమెరికాలో పుట్టిన ఫుట్‌బ్యాగ్ అనే చిన్న గింజల సంచి ఆటలోనూ ఉంది. ఫ్రీస్టైలర్లు వాడే క్లిప్పర్ అనే మాట కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఫ్రీస్టైల్‌లో కాళ్లతో చేసే ట్రిక్‌లన్నిటికీ ఇదే తల్లి కాబట్టి ఇక్కడ ఎంత సమయం గడిపినా వృథా కాదు.

కొత్తవారంతా ఒకే పొరపాటు చేస్తారు. సమయం చాలడం లేదనుకొని బంతిని ఇంకా ఎత్తుకు కొడతారు. లెక్క వేసి చూడండి. బంతి పాదం మీద నుంచి 30 సెంటీమీటర్లు పైకి లేచి మళ్లీ అదే చోటుకు దిగడానికి దాదాపు అర సెకను పడుతుంది. 60 సెంటీమీటర్లకు కొడితే ఒక సెకను దొరుకుతుందనిపిస్తుంది కానీ, దొరికేది 0.7 సెకన్లే, ఎత్తు రెట్టింపైతే సమయం సుమారు 1.4 రెట్లు మాత్రమే పెరుగుతుంది. పూర్తి సెకను కావాలంటే బంతి పాదం మీద నుంచి 120 సెంటీమీటర్లకు పైగా లేవాలి, అంత ఎత్తు నుంచి దిగే బంతి ఎక్కడ దిగుతుందో ఎవరూ చెప్పలేరు. అంటే ఎత్తు పెంచి మీరు కొనుక్కునే సమయం కొంచెం, దానికి చెల్లించే మూల్యం చాలా ఎక్కువ. మీ చేతిలో ఉన్నది ఆ అర సెకనే. దానిలో కాలి చుట్టును ఎలా ఇమడ్చాలన్నదే అసలు ప్రశ్న.

జవాబు రెండు పనుల్లో ఉంది. మొదటిది, బంతిని ఎత్తడం, కాలు తిప్పడం వేరువేరు పనులుగా చేయకూడదు. ఎత్తుతున్న పాదం ఆ ఎత్తే కదలికలోనే పక్కకు మళ్లి చుట్టు మొదలుపెట్టాలి, బూటు మొన బంతిని ఒరుసుకుంటూ వెళ్లినట్టు ఉండాలి. రెండోది, మోకాలు పైకి లేవాలి. మోకాలు కింద ఉంటే కాలంతా పెద్ద చుట్టు తిరగవలసి వస్తుంది. తొడ నేలకు సమాంతరంగా వచ్చేట్టు మోకాలు లేస్తే, మోకాలి కింది భాగం మాత్రమే బంతికి దగ్గరగా చిన్న చుట్టు తిరిగి దిగుతుంది. చుట్టు లోపలి నుంచి బయటికి తిరగవచ్చు, బయటి నుంచి లోపలికీ తిరగవచ్చు. మీ ఒంటికి ఏది సహజంగా వస్తే దానితో మొదలుపెట్టి, రెండోదాన్ని ఆ తర్వాత తప్పక నేర్చుకోండి.

సాధనను మూడుగా విడగొట్టండి. తొలి రోజుల్లో చేతులతో బంతిని పాదం మీదికి వదిలి, ఒక్క టచ్‌తో ఎత్తి, కాలు తిప్పి, బంతిని నేలమీద పడనివ్వండి. అందుకోవాలన్న ఆరాటం లేనప్పుడే చుట్టు సరిగా కుదురుతుంది. చుట్టు శుభ్రంగా వస్తున్నదని తేలాక, దిగే బంతిని రెండో కాలితో అందుకోండి. చివరిగా అదే కాలితో అందుకోండి. వారాల తరబడి రాకపోయి, ఒక ఉదయం ఉన్నట్టుండి వస్తుంది; ఆ క్షణంలో బంతి పాదానికి తగిలే చప్పుడే మారిపోతుంది, ‘టప్’ అనే మోత పోయి మెత్తటి ఒరిపిడి మాత్రమే వినిపిస్తుంది. ఆ చప్పుడును గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మీ తప్పులను కంటికన్నా ముందు చెవి పట్టిస్తుంది.

ఇది కుదిరాక, ఒక కాలితో బంతిని ఎత్తి రెండో కాలిని దాని చుట్టూ తిప్పే హాప్ ద వరల్డ్‌కు వెళ్లండి. ఇందులో ఒంటికాలి గెంతు ఉంటుంది. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడినవారికి ఆ గెంతులోని తేలిక ఒంట్లోనే ఉంటుంది. గాలిలో కాళ్లు కత్తెరలా దాటుకుంటూ బంతిని తాకే క్రాసోవర్ ఆ తర్వాతది. ఎరౌండ్ ద వరల్డ్‌ను, క్రాసోవర్‌ను బంతి ఒక్కసారి గాలిలో లేచినప్పుడే కలిపి చేస్తే వచ్చేదానికి నెదర్లాండ్స్ ఫ్రీస్టైలర్ సూఫియాన్ టూజానీ పేరు స్థిరపడింది.

మూడో మెట్టు: బంతిని ఆపడం

కదిలే బంతిని ఒంటి మీద ఎక్కడైనా నిశ్చలంగా నిలపడాన్ని స్టాల్ అంటారు. పాదం మీద నిలపాలంటే వేళ్లను మీ వైపుకు గట్టిగా లాగండి. పాదానికీ ముంగాలికీ మధ్య ఏర్పడే గుంటలో బంతి కూర్చుంటుంది. బంతి దిగుతున్న వేగంతోనే పాదమూ దిగాలి, చేతుల్లోకి విసిరిన గుడ్డును పగలకుండా పట్టుకున్నట్టు. నిలబడిన కాలి వెనుక నుంచి రెండో పాదాన్ని చాచి, దాని లోపలి పక్క మీద బంతిని ఆపితే అది క్లిప్పర్ స్టాల్.

మెడ మీద నిలిపేదాన్ని నెక్ స్టాల్ అంటారు. చూసేవారికి ఎక్కువగా నచ్చేది, భయపడకపోతే త్వరగా వచ్చేది ఇదే. బిందె మోసేవారు తలకూ బిందెకూ మధ్య పెట్టుకునే చుట్టకుదురును గుర్తు తెచ్చుకోండి. గుండ్రటి వస్తువు నిలవాలంటే దానికింద ఒక గుంట, చుట్టూ ఒక గట్టు కావాలి. మీ ఒంట్లోనే అలాంటి చుట్టకుదురును తయారు చేసుకోవాలి. నడుము దగ్గర వంగి వీపును దాదాపు నేలకు సమాంతరంగా ఉంచి, తలను మాత్రం ఎత్తి ఎదుటి గోడను చూడండి. చేతులను వెనుకకు, పైకి చాపండి. తల వెనుక భాగం, రెండు భుజాల రెక్క ఎముకలు కలిసి గట్టుగా నిలుస్తాయి, మెడ వెనుక గుంట ఏర్పడుతుంది. మొదట ఆ భంగిమలో ఉండి, ఎవరినైనా బంతిని అక్కడ పెట్టమనండి. అది అక్కడే ఉండేట్టు కుదిరాక చేతులతో పైకి విసిరి, కిందికి వంగి పట్టండి. చివరికి పాదంతో ఎత్తి పట్టండి. తలను దించేయడం ఇక్కడ జరిగే తప్పు. తల దిగగానే గట్టు పోతుంది, బంతి ముందుకు దొర్లి కింద పడుతుంది. దించనని నిర్ణయించుకున్నా భయంతో దిగుతుంది కనుక, ఎదుటి గోడ మీద కంటి ఎత్తులో ఒక గుర్తు పెట్టుకొని దాని మీద నుంచి చూపు తిప్పకండి.

కూర్చుని ఆడే సిట్‌డౌన్ ట్రిక్‌లకు చేతులు వెనుక ఆనించి, కాళ్లు గాలిలో ఉంచి, పాదాలతో, ముంగాళ్లతో జగ్లింగ్ చేయడం మొదలు. పొట్ట కండరాలకు బలం వచ్చేకొద్దీ ఇది తేలికవుతుంది. పోటీకి కావలసినంత మేరకు నిలబడిన స్థితి నుంచి కూర్చోవడం, మళ్లీ లేవడం బంతి పడకుండా చేయగలిగితే ప్రస్తుతానికి చాలు.

నాలుగో మెట్టు: కాంబో కట్టడం

మధ్యలో మామూలు టచ్‌లు లేకుండా లేదా అతి తక్కువ టచ్‌లతో ట్రిక్‌లను గొలుసుగా కలపడాన్ని కాంబో అంటారు. ఇక్కడే ఈ విద్య క్రీడగానూ కళగానూ ఒకేసారి కనిపిస్తుంది. న్యాయనిర్ణేతలు చూసేది ట్రిక్ ఎంత కష్టమైనదన్నది ఒక్కటే కాదు. బంతి మీద అదుపు, కాలు, తల, మెడ, నేల అన్నిటినీ వాడిన వైవిధ్యం, సొంత కల్పన, శైలి కూడా చూస్తారు. టోకురా పేరుతోనే ఒక క్లిప్పర్ కదలిక స్థిరపడిందంటే, అతను ఎవరికీ తోచని చోట కాలును పెట్టి చూసినందువల్లే. మీరూ ఎవరి వీడియోనో చూసి మొత్తం గొలుసును యథాతథంగా దింపుకోకండి. రెండు లంకెలు తీసుకొని, మూడోదాన్ని మీ ఒంటికి తగినట్టు మీరే పెట్టండి.

ఒక ట్రిక్ ముగింపే తర్వాతి ట్రిక్‌కు ఆరంభం కావాలి. ఎరౌండ్ ద వరల్డ్ తర్వాత బంతిని అందుకునే టచ్, మరో చుట్టుకు సరిపడే 30 సెంటీమీటర్ల ఎత్తును ఇవ్వకపోతే మీరు మధ్యలో ఒక అదనపు టచ్ వేసుకోవలసి వస్తుంది, గొలుసు తెగుతుంది. కాబట్టి కాంబో విఫలమైన ప్రతిసారీ విఫలమైన ట్రిక్‌ను కాక, దాని ముందరి టచ్‌ను పరిశీలించండి. ఫోన్‌ను గోడకు ఆనించి మోకాలి ఎత్తులో పెట్టి రికార్డు చేసి, నిదానం చేసి చూస్తే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక టచ్ వెనకే దొరుకుతుంది. నాకు ఈ ఆట నేర్పిన వాటన్నిటిలో అతి విలువైనది ఇదే.

ఐదో మెట్టు: 30 సెకన్ల వంతు

బ్యాటిల్‌లో చేయబోయే ప్రతి కాంబోనూ పదిసార్లు చేసి, ఎన్నిసార్లు బంతి పడకుండా వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోండి. పదింటికి ఎనిమిది వస్తే చాలా బాగుందనుకుంటాం. కానీ అలాంటి మూడు కాంబోలను ఒకే వంతులో వరుసగా చేస్తే మూడూ పడకుండా రావడానికి అవకాశం సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. 20కి 19 వచ్చే మూడు కాంబోలైతే ఆ అవకాశం 85 శాతం దాటుతుంది. అందుకని వంతును ఇలా కట్టుకోండి: ఎప్పుడూ తప్పని కాంబోతో మొదలుపెట్టండి, నడుమ మీకు తెలిసినవాటిలో అత్యంత కష్టమైనది ఒక్కటి మాత్రమే ఉంచండి, స్టాల్‌తో ముగించండి. స్టాల్‌తో ముగిస్తే చూసేవారికి మీ వంతు అయిపోయిందని తెలుస్తుంది, మీకూ ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది.

మూడు వంతులకూ మూడు రకాల సరుకు దాచుకోండి. మొదటి వంతులో కాళ్ల పని, రెండోదానిలో తల, మెడ, సిట్‌డౌన్, మూడోదానిలో మీ సొంత కల్పన అని పంచుకుంటే, చేసినదే మళ్లీ చేసే పరిస్థితి రాదు. టైమర్ పెట్టుకొని 30 సెకన్లు ఆడి, 30 సెకన్లు ఆగి, మళ్లీ ఆడుతూ మూడు వంతులు పూర్తిచేయండి. వారానికి కనీసం రెండుసార్లు ఇలా చేయండి. ఆగిన 30 సెకన్లలో కాళ్లు చల్లబడడం, గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు తొలి టచ్ గతి తప్పడం సాధనలోనే అనుభవంలోకి రావాలి. పోటీలో పాట మీరు ఎంచుకునేది కాదు కనుక, సాధనలోనూ పాటలను మార్చి మార్చి పెట్టుకోండి. తీన్‌మార్ డప్పుకూ, నిదానమైన పాటకూ ఒకే కాంబోను నప్పించగలగాలి.

బంతి పడుతుంది. ఎంతటివారికైనా పడుతుంది. పడ్డాక ఏం చేస్తారన్నది కూడా సాధన చేయవలసిన విషయమే. తల పట్టుకోవడం, ముఖం చిట్లించడం, పరుగున వెళ్లి చేత్తో తీయడం న్యాయనిర్ణేతల కళ్లలో ఆ తప్పును పెద్దది చేస్తాయి. దొర్లుతున్న బంతి దగ్గరికి పాట లయలోనే నడిచి వెళ్లి, అరికాలితో లాగి, మొదటి మెట్టులో నేర్చుకున్న విధంగా పాదంతో ఎత్తండి. పడిన కాంబోనే మళ్లీ ప్రయత్నించాలా అన్నదానికి నా సలహా ఇది: 12 సెకన్లకన్నా ఎక్కువ మిగిలి ఉందనిపిస్తే ఒక్కసారి ప్రయత్నించండి, లేకపోతే తప్పనిదానికి వెళ్లిపోండి.

వంతు ముగియగానే బంతిని ఎదుటివారికి పాదంతో మర్యాదగా అందించి, పక్కకు తప్పుకొని, వారి ఆటను నిజంగా చూడండి. వారు తలతో ఎక్కువ ఆడుతున్నారా, నేల మీద ఎక్కువ ఆడుతున్నారా గమనిస్తే, మీ దగ్గర దాచుకున్న రెండు వంతుల్లో ముందు ఏది తీయాలో తెలుస్తుంది. వారి 30 సెకన్లు అయ్యేసరికి చీలమండలను కదుపుతూ సిద్ధంగా నిలబడండి, మీ వైపు వచ్చే బంతిని ఆపి కింద పెట్టుకోకుండా వచ్చిన ఊపులోనే పాదం మీదికి ఎత్తుకోండి.